మేడ మీద యాంటెన్నా టవర్: ఎక్కాల్సింది వద్దు, దించగలిగేది పెట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హన్మకొండలో రెండంతస్తుల సొంత ఇల్లు. కొత్తగా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ హ్యామ్ (సరదాకు సొంత రేడియో మీద మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు వచ్చింది. మూతపడ్డ ఒక కేబుల్ టీవీ ఆఫీసు మేడ మీదున్న 40 అడుగుల టవర్‌ను తుక్కు ధరకు ఇస్తామంటున్నారు. దాన్ని విప్పి తెచ్చి మీ మేడ మీద నిలబెట్టి, కొసన 2 మీటర్ల బ్యాండుకు యాగీ (వరసగా కడ్డీలుండి ఒక వైపు గురిపెట్టే యాంటెన్నా), అక్కడి నుంచే 40 మీటర్ల బ్యాండుకు డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు చేతుల యాంటెన్నా) తీగ కట్టాలనుకుంటున్నారు. బ్యాండు పేరులోని మీటర్లు రేడియో తరంగం పొడవు. కోరి పిడుగును ఇంటి మీదికి తెచ్చుకుంటామా అని నాన్నగారు అడ్డుపడుతున్నారు.

ఆ టవర్ తీసుకోకండి. మీ మేడకు 8 మీటర్ల పైపు చాలు. అదీ అడుగున హింజి పెట్టి, ముగ్గురు మనుషులు తాడు పట్టుకుని మేడ మీదికే వంచి పడుకోబెట్టేలా ఉండాలి. కాజీపేటలో ఇంటి మీద ఒకటి, పరకాల దగ్గర పొలం గట్టున ఒకటి చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను కాబట్టి చెబుతున్నా. యాంటెన్నా నిలబెట్టే రోజు అందరూ వస్తారు, చాయ్ తాగి ఫొటోలు దిగి పోతారు. ఆ తర్వాత ఏటా దానికి చేసే చాకిరీ మీ ఒక్కరిదే. ఎక్కితే తప్ప అందని యాంటెన్నాను ఎవరూ వేళకు చూడరు. వానలు తగ్గాక చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం అంటూనే ఏడాది గడిచిపోతుంది.

ముందు ఎత్తు సంగతి తేల్చుకుందాం. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉండే 2 మీటర్ల బ్యాండు దాదాపు కంటిచూపు ఆనినంత మేరే పోతుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో క్షితిజం, అంటే సిగ్నల్ నేరుగా చేరే హద్దు, కిలోమీటర్లలో వస్తుంది. మీ మేడ ఎత్తు 7 మీటర్లు అనుకుందాం. నేను చెప్పే పైపుతో మొత్తం 15 మీటర్లు, అంటే 16 కిలోమీటర్లు. మీరు చెప్పే టవర్‌తో 19 మీటర్లు, అంటే 18 కిలోమీటర్లు. అవతలివాళ్ల ఎత్తు వల్ల వచ్చే దూరం రెండింటికీ సమానంగానే కలుస్తుంది. అంత ఇనుము మోసి, స్లాబుకు అన్ని తూట్లు పొడిచి, మిగుల్చుకునేది 2 కిలోమీటర్లు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఆ 2 కిలోమీటర్లను కూడా కేబుల్ తినేస్తుంది. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వేశారంటే, 2 మీటర్ల బ్యాండులో మీరు పంపిన పవర్‌లో నాలుగో వంతే పైకి చేరుతుంది. దానికన్నా లావైన ఆర్‌జీ-213 అయితే సగానికి కొంచెం ఎక్కువ. మీ గ్రేడుకు ఉన్నదే 50 వాట్లు, వాటిని కేబుల్ వేడెక్కడానికి ఖర్చు పెట్టకండి. టవర్‌కు పెట్టే డబ్బులో కొంత మంచి కేబుల్‌కు పెట్టి, దాన్ని వీలైనంత పొట్టిగా వేసుకోండి.

40 మీటర్ల బ్యాండుకైతే ఇంకా సులువు. 143ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే డైపోల్ పొడవు వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20 మీటర్లు. మధ్య భాగాన్ని పైపు కొసకు కట్టి రెండు చివర్లను తలకిందుల వీ ఆకారంలో కిందికి దించితే సరిపోతుంది. 15 మీటర్ల ఎత్తులో ఈ తీగ ఎక్కువ భాగం సిగ్నల్‌ను నిటారుగానే పైకి విసురుతుంది. యూరప్ అందుకోవాలంటే అది లోపమే. కానీ పగటిపూట హైదరాబాద్, విజయవాడ, బెంగళూరుతో మాట్లాడటానికి కావాల్సింది సరిగ్గా అదే.

ఇక గాలి. మార్చి ఆఖరు నుంచి రుతుపవనాలు వచ్చేదాకా మన దగ్గర గాలిదుమారాలు ఎట్లా లేస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, నాలుగు దాటాక మబ్బు కమ్ముకుని అరగంటలో రేకులు లేచిపోతాయి. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న చదరపు మీటరు మీద సుమారు 24 కిలోల బరువుతో తోస్తుంది. 144 కిలోమీటర్లకు చేరితే అది 98 కిలోలు. ఆ తోపుడు 40 అడుగుల పైన పడితే, కింద బోల్టులు స్లాబును ఎంత బలంగా పెకలిస్తాయో ఆలోచించండి. స్లాబు విరగకపోయినా ఆ బోల్టుల చుట్టూ సన్నటి పగులు వస్తుంది, వచ్చే వానకాలం బెడ్‌రూములో నీళ్లు కారతాయి. అప్పుడు నాన్నగారికి పిడుగు గుర్తుండదు, మీరే గుర్తుంటారు.

గై వైర్లను, అంటే పైపు ఒరగకుండా చుట్టూ లాగి కట్టే తీగలను, పిట్టగోడకు కట్టడం మన ఊళ్లలో మామూలే. నాలుగున్నర అంగుళాల ఆ ఇటుక గోడ స్లాబు మీద ఊరికే కూర్చుని ఉంటుంది, పిల్లర్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. గట్టి గాలికి తీగ లాగితే గోడే పోయి వీధిలో పడుతుంది. పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ చువ్వలు ఉంటే యాంకర్లు (ఆ తీగల కింది కొసలను పట్టి ఉంచేవి) వాటి దగ్గర పెట్టించండి. లేకపోతే బీమ్ ఎక్కడుందో మేస్త్రీని అడిగి అక్కడే వేయించండి. మెట్ల గది ఉంటే మరీ మంచిది. పైపును ఆ గోడకు ఆనించి, పై కప్పు ఎత్తులో ఒక బ్రాకెట్ వేస్తే సగం పని అదే చేసిపెడుతుంది. పైపును దించేటప్పుడు ఊడదీసేలా ఆ బ్రాకెట్‌కు బోల్టులు పెట్టించుకోండి.

పాత టవర్ ఎందుకు వద్దో ఇంకో మాట. మాకు పనిచేసే వెల్డర్ ఒకాయన ఇట్లాంటివి చూడటానికి వస్తే పైకి చూడడు. కూర్చుని, సుత్తితో కాళ్ల అడుగున కొడుతూ పోతాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము బొద్దుగా పలుకుతుంది. "పైన రంగు మంచిగనే ఉన్నది సార్, లోపల మొత్తం చిలుము తిన్నది" అంటాడు. పైపు కాళ్ల టవర్లలో నీళ్లు పోయే దారి లేకపోతే ఏళ్ల తరబడి అడుగున నిలిచి లోపలి నుంచి తినేస్తాయి, బయటికి ఏమీ కనబడదు. పైగా నిలబెట్టడం కన్నా పాతది విప్పడమే ప్రమాదం. ఒక గై వైరు వదులు చేయగానే మిగతావి ఎటు లాగుతాయో తెలియదు, కింద కాలు అప్పటికే విరిగి ఉండొచ్చు. తుక్కు ధరలో ఆ రిస్కు కలిసి లేదు. నడుముకు తాడు కట్టుకుని ఎక్కే కుర్రాళ్లను పంపిస్తామని అమ్మేవాళ్లు అంటారు, ఒప్పుకోకండి. ఎక్కేవాడికి ఒళ్లంతా పట్టే హార్నెస్, ఒకటి తీసేలోపు ఇంకోటి తగిలించి ఉండేలా రెండు లాన్‌యార్డులు (కొక్కెం ఉన్న తాళ్లు), హెల్మెట్ తప్పనిసరి.

పైపు ఎట్లా చేయించాలో చెబుతా. జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) పైపు 6 మీటర్ల పొడవుల్లో వస్తుంది. కిందికి 2 అంగుళాల బి క్లాస్ (మధ్యరకం మందం) పైపు, పైకి ఒకటిన్నర అంగుళాల పైపు 3 మీటర్ల ముక్క. చిన్నది పెద్దదాంట్లోకి దూరుతుంది కానీ చుట్టూ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు సందు ఉంటుంది. దాన్ని అట్లాగే వదిలి ఒక్క బోల్టు కొడితే గాలికి రోజంతా టకటక కొట్టుకుని, కొన్నాళ్లకు బోల్టు తూటు కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. కనీసం 60 సెంటీమీటర్లు లోపలికి దించి, సందులో జీఐ రేకు చుట్టి, రెండు బోల్టులు ఒకదానికొకటి అడ్డంగా వేయించండి. పైన తొడుగు జాయింటు దగ్గర వాన నీరు దిగకుండా టేపు, అడుగున నీరు పోవడానికి చిన్న తూటు. తూట్లు కొట్టిన చోట, వెల్డింగ్ చేసిన చోట జింక్ పెయింటు వేయాలి, అక్కడ జింక్ పూత పోయి ఉంటుంది. కింది పైపు బరువు 30 కిలోలు దాటుతుంది, అందుకే ముగ్గురు అన్నాను. ఏ వైపు వంచుతారో ముందే చూసుకోండి, పైపు కొస వీధి మీదికి పోకూడదు.

గై వైర్లు మూడు వైపులా, 120 డిగ్రీల ఎడంతో. పైపు ఎత్తులో ముప్పాతిక వంతు దూరంలో యాంకర్లు పెడితే మంచిది, చోటు లేకపోతే సగానికి తగ్గకూడదు. కరెంటు స్తంభాలకు వాడే స్టే వైరు మరీ మందం, అందులో సన్నరకం చాలు. మధ్యలో ఎగ్ ఇన్సులేటర్లు (కరెంటు పారనివ్వని గుడ్డు ఆకారపు బిళ్లలు) వేసి తీగను ముక్కలు చేయండి, లేకపోతే ఆ తీగే ఇంకో యాంటెన్నా అయి మీ డైపోల్‌తో పేచీ పెట్టుకుంటుంది. తీగను మడిచి బిగించే క్లిప్పుల్లో యూ బోల్టు వంపు ఎప్పుడూ మడిచిన పొట్టి కొస మీదే ఉండాలి, బరువు మోసే తీగ మీద జీను లాంటి భాగం కూర్చోవాలి. తిరగేసి వేస్తే మోసే తీగ నలుగుతుంది. మడతకు మూడు క్లిప్పులు. టర్న్‌బకిల్ (తిప్పితే తీగ బిగిసే మర) బిగించాక దాని మధ్యలోంచి బైండింగ్ వైరు దూర్చి కట్టేయాలి, గాలికి అది దానంతట అదే వదులవుతుంది.

ఈ జవాబు చదివి పొలం దగ్గర పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందులో పైపైన పోసిన కాంక్రీటు దిమ్మె ఏటా అటూ ఇటూ ఒరుగుతుంది. మొరం తగిలేదాకా తవ్వి పోయాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన ఆ వారం, పరకాల దగ్గర మా గట్టు కూడా నాని ఒక యాంకర్ పైకి లేచింది. మిగతా రెండు మొరంలో ఉన్నాయి కాబట్టి పైపు ఒరిగి ఆగింది.

ఇప్పుడు నాన్నగారి భయం. అందులో సగం నిజం. చుట్టుపక్కల ఇళ్ల కన్నా ఎత్తున్న ఇనుముకు పిడుగు తగిలే అవకాశం ఎక్కువే. అది నేలలోకి పోయే దారి లేకపోతే మీ కేబుల్ వెంట ఇంట్లోకే వస్తుంది. పైపు అడుగు నుంచి జీఐ పట్టీ గానీ రాగి పట్టీ గానీ బయటి గోడ వెంట, మెలికలు లేకుండా నేరుగా కిందికి దింపాలి. మెట్ల మీదుగా, కిటికీ చుట్టూ తిప్పకూడదు, పిడుగు మూల తిరగదు. కింద ఎర్త్ గుంత. హన్మకొండ, కాజీపేటల్లో నాలుగైదు అడుగులకే రాయి తగలడం మామూలే. అట్లాంటి చోట రాడ్డును సుత్తితో వంచేబదులు, పొట్టి రాడ్లు రెండు మూడు ఎడంగా దించి, వాటిని కలుపుతూ కందకంలో పట్టీ పూడ్చడం మంచిది. చల్క నేల ఎండాకాలం ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది, సరిగ్గా పిడుగులు మొదలయ్యేది అప్పుడే. ఏప్రిల్ నుంచి ఆ గుంతలో నీళ్లు పోస్తుండండి.

ఈ ఎర్త్‌ను ఇంటి కరెంటు ఎర్త్‌తో కలపాలి. విడిగా ఉంటేనే సేఫ్ అని ఎలక్ట్రీషియన్లు గట్టిగా వాదిస్తారు, వినకండి. రెండూ విడిగా ఉంటే పిడుగు పడ్డ క్షణంలో వాటి మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా మధ్యలో ఉండేది మీ రేడియో. ఇంత చేసినా, మబ్బు పట్టిందంటే కేబుల్‌ను ఇంటి బయటే ఊడదీసి ఎర్త్ బిగింపుకు తగిలించడం అలవాటు చేసుకోండి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు చేసింది, దగ్గర్లో పిడుగులుంటే చెబుతుంది.

పిడుగు కన్నా మీకు రోజూ ఎదురయ్యేది కోతి. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. యాగీ కడ్డీ మీద కూర్చుని ఊగితే అది ఒక్క పూటలో వంగిపోతుంది, కేబుల్ కనబడితే కొరికి చూస్తాయి. కేబుల్‌ను పైపు లోపలి నుంచే పైకి తీసుకుపోవడం మేలు. డైపోల్ చివరలను గట్టిగా కట్టేయకుండా, చిన్న కప్పీ మీదుగా తాడు తిప్పి ఇసుక నింపిన బాటిల్ వేలాడదీయండి. కోతి వేలాడితే బాటిల్ లేస్తుంది, దిగగానే తీగ మళ్లీ బిగుస్తుంది. గాలిదుమారానికీ ఇదే మందు. సంక్రాంతికి మాంజా తగులుకుంటుంది, దానికి మాత్రం మందు లేదు.

ఏడాదికి రెండుసార్లు దించి చూడండి, ఉగాది ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి. క్లిప్పులు, టర్న్‌బకిళ్లు, హింజి పిన్ను, చిలుము మొదలైన చోట్లు. కనెక్టర్ల మీద సాగే రబ్బరు టేపు విప్పి కొత్తది చుట్టి, దాని మీద మామూలు నల్ల టేపు వేయండి. లోపలి రాగి నల్లబడి ఉంటే నీళ్లు దిగినట్టే, ఆ మేరకు కేబుల్ కోసేయాలి. పంపిన పవర్‌లో ఎంత తిరిగొస్తుందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌ను మాత్రం పూర్తిగా నమ్మకండి. కేబుల్‌లో నీళ్లు చేరితే రీడింగ్ చెడటం పోయి ఇంకా అందంగా కనబడొచ్చు, ఎందుకంటే తిరిగి రావాల్సిన పవర్ కూడా తడి కేబుల్‌లోనే ఆవిరవుతుంది. కొత్తలో ఉన్న రీడింగ్‌ను ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని, కారణం లేకుండా మెరుగైందంటే అనుమానించండి.

మామునూరు రన్‌వే వైపు కాలనీల్లో ఉంటే ఎత్తు విషయం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దగ్గర ముందే కనుక్కోవాలి. మీది ఆ వైపో కాదో మీరు రాయలేదు.

ఇంకోటి కూడా రాయలేదు, అది అన్నిటికన్నా ముఖ్యం. మీ ఫొటోలో వెనక వీధిలో కరెంటు తీగలు కనబడుతున్నాయి. అవి 11 కేవీవా (11 వేల వోల్టులవా) కాదా లైన్‌మన్‌ను అడగండి. పైపు ఎటు కూలినా, దాని మొత్తం పొడవు, యాంటెన్నా పొడవు కలుపుకుని, ఆపైన ఇంకో మూడు మీటర్లు దాటి ఉండాలి ఆ లైను. డైపోల్ తీగ ఆ లైను మీదుగా గానీ కింద నుంచి గానీ అసలు పోకూడదు. ముందు కింద నుంచి టేపుతో కొలిచి ఆ దూరం ఇక్కడ రాయండి. అది చూశాకే పైపు మేడకు ఏ మూల పెట్టాలో చెబుతాను, అప్పటిదాకా ఏమీ కొనకండి.