గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే నొప్పి భుజంలో ఎందుకు తెలుస్తుంది?

"జబ్బు ఒకచోట ఉంటే నొప్పి ఇంకోచోట ఎందుకు వస్తుంది, ఆమాత్రం శరీరానికి తెలియదా?" అని అడిగారు. లోపలి అవయవాల విషయంలో నిజంగానే సరిగ్గా తెలియదు. దోమ కుట్టిన చోటు కళ్లు మూసుకుని కూడా వేలితో చూపిస్తాం. అదే కడుపులో నొప్పి వస్తే అరచేత్తో పొట్టంతా తడుముకుంటూ "ఇక్కడే ఎక్కడో" అంటాం. మా అమ్మ విషయంలో ఇదంతా దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మాది తెనాలి. అమ్మకు వీపు మీద కుడి రెక్క ఎముక కింద నొప్పి మొదలైంది. వస్తే రాత్రిళ్లే వచ్చేది. "లోపల ఎవరో చెయ్యి పెట్టి మెలిపెడుతున్నట్టుందే" అనేది. గంటా రెండు గంటలు పీడించి దానంతటదే తగ్గేది. తెల్లారి లేచి మామూలుగా పిండి రుబ్బుకునేది, దండెం మీద బట్టలు ఆరేసుకునేది. ఈ వయసులో భుజం పట్టేయడం మామూలే అన్నారు అందరూ. బామ్ రాశాం, ఉప్పు మూటతో కాపడం పెట్టాం. ఆర్ఎంపీ గారు ఇంజెక్షన్ చేశారు. తర్వాత ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళితే భుజానికి ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉందని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్లమన్నారు. అమ్మ చెయ్యి మొదటిరోజే పైదాకా వెళ్లింది. భుజం పట్టేసిన మనిషికి చెయ్యి అంత సులువుగా లేవదు కదా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎక్స్‌రేకి డబ్బు కట్టించుకున్నారు గానీ, "ఎప్పుడు వస్తుందమ్మా నొప్పి?" అని అడగలేదు.

ఆ మాట అడిగినాయన మా మేనత్త చూయించుకునే పెద్ద డాక్టర్ గారు. ఎక్స్‌రే కవరు పక్కన పెట్టేసి, "ఏం తిన్న రోజు వస్తుందమ్మా?" అన్నారు. అమ్మ కాసేపు ఆలోచించి, "వ్రతానికి గారెలు చేసుకున్నామండి, ఆ రాత్రి వచ్చింది. అంతకుముందు పెళ్లి భోజనం చేసొచ్చిన రోజు" అంది. ఆయన బల్ల మీద పడుకోమని, కుడి డొక్క ఎముకల అంచు కింద వేళ్లు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. సగం పీల్చేసరికి అమ్మ ఊపిరి టక్కున ఆగిపోయింది, ఆయన మణికట్టు పట్టేసుకుంది. ఆయన నావైపు తిరిగి, "చూశావామ్మా, భుజం నేను ముట్టుకోనేలేదు" అన్నారు. మర్నాడు పొట్ట స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్‌లో, అంటే కాలేయం కింద పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచిలో, రాళ్లు కనిపించాయి. ఆయన చేసిన పరీక్షకు మర్ఫీ అనే అమెరికన్ సర్జన్ పేరు ఉంది. ఖర్చు లేదు, మిషను అక్కర్లేదు, కావలసిందల్లా రెండు నిమిషాల తీరిక.

ఇక మీరు అడిగిన కారణం. చర్మం నుంచి వచ్చే నరాలు లెక్కలేనన్ని. లోపలి అవయవాల నుంచి వచ్చేవి తక్కువ. రెండూ వెన్నుపాములోకి చేరాక చాలాచోట్ల ఒకే నరకణం మీద కలుస్తాయి, అక్కణ్ణుంచి మెదడుకు ఒకే దారి. ఒకే కాలింగ్ బెల్ ఉన్న రెండు వాటాల ఇంట్లో, బెల్ మోగితే రోజూ చుట్టాలొచ్చే వాటావాళ్లే లేచి తలుపు తీస్తారు. మెదడూ అంతే. పుట్టినప్పటినుంచీ ఆ దారిలో ఎక్కువగా చర్మం, కండరాల కబుర్లే విన్నది కాబట్టి, గాల్‌బ్లాడర్ పిలిచినా వీపే పిలిచిందనుకుంటుంది. గాల్‌బ్లాడర్ నరాలూ, రెక్క కింది చర్మం నరాలూ వెన్నులో దాదాపు ఒకే మెట్టు దగ్గర కలుస్తాయి. గుండె నరాలు చేరే మెట్టు ఛాతీ పైభాగానికీ, చేతి లోపలి అంచుకీ చెందినది. గుండెపోటులో ఎడమచేయి లాగడం అందుకే. ఏ అవయవానికి చర్మం మీద ఏ చోటో 1893లోనే హెన్రీ హెడ్ అనే లండన్ వైద్యుడు పటం గీసిపెట్టాడు.

భుజం కొసన వచ్చే నొప్పి సంగతి ఇంకా విచిత్రం. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం పిండదశలో మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. దిగుతూ తన నరాన్ని కూడా మెడనుంచే వెంట తెచ్చుకుంటుంది. ఆ నరం బయలుదేరే మెడ మెట్లనుంచే భుజం చర్మానికీ నరాలు వెళతాయి. అందుకే డయాఫ్రమ్‌కి ఏదైనా తగిలితే భుజం నొప్పి పుట్టొచ్చు. అమ్మకు లాప్రోస్కోపీ చేసి గాల్‌బ్లాడర్ తీసేశాక, మళ్లీ భుజం నొప్పి అనేసరికి మాకు ఒకటే టెన్షన్. "ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ కాస్త మిగిలి డయాఫ్రమ్‌కి తగులుతుందండీ, మెల్లగా నడిపించండి, పోతుంది" అంది నర్సమ్మ. అలాగే పోయింది. ప్రమాదంలో ప్లీహం (పొట్టలో ఎడమవైపు పైన ఉండే స్ప్లీన్) చితికి లోపల రక్తం చేరితే ఎడమ భుజం నొప్పి రావడం కూడా ఈ లెక్కే. బండి మీదనుంచి పడ్డవాళ్లు పొట్టకు దెబ్బ తగిలి, దెబ్బ తగలని ఎడమ భుజం నొప్పి అంటే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

నన్నడిగితే మన ఇళ్లలో "గ్యాస్" అనే మాట చేసినంత హాని మరేదీ చేయడం లేదు. గుండెపోటు అంటే సినిమాలో లాగా గుండె పట్టుకుని కూలిపోవడమే అనుకుంటాం. చాలామందికి అది దవడ లాగడంగా, పై పొట్టలో బరువుగా, వీపులో నొప్పిగా వస్తుంది. ఆడవాళ్లకీ, షుగర్ ఉన్నవాళ్లకీ ఇలా దారి తప్పి వచ్చే అవకాశం మరీ ఎక్కువ, షుగర్ వాళ్లకు అసలు నొప్పే తెలియకపోవచ్చు. నడిస్తే వచ్చి నిలబడితే తగ్గే దవడ నొప్పి పంటిది కాదు. చెమటలు పట్టి ఛాతీ, దవడ, చేయి బరువెక్కితే సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంకోవైపు, ఎడమచేయి నొప్పి అంటే గుండెపోటే అని వాట్సాప్‌లో పంపుతుంటారు, అది చూసి రాత్రంతా నిద్రపోని కుర్రాళ్లున్నారు. చెయ్యి కదిపితేనో, ఒకచోట నొక్కితేనో పెరిగే నొప్పి మామూలుగా కండరానిదో కీలుదో అయి ఉంటుంది. అయినా అనుమానం ఉంటే ఈసీజీ తీయించుకోవడంలో తప్పేం లేదు.

మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని మింగేవాళ్లకు ఒక మాట. అపెండిక్స్ నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై, గంటల తర్వాత కుడివైపు కిందికి జరుగుతుంది. ఆ జరగడమే డాక్టర్‌కి పెద్ద ఆధారం. మధ్యలో బిళ్ల వేసుకున్నా సరే, ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది, ఎప్పుడు ఏం వేసుకున్నారు అన్నది దాచకుండా చెప్పండి. పిల్లలు మోకాలు నొప్పి అని కుంటుతుంటే తుంటి కూడా చూడమని అడగండి, ఆ రెండు కీళ్లకూ కొన్ని నరాలు ఉమ్మడి. నొప్పి ఎక్కడ అన్నదానితోపాటు ఏం తింటే, ఏ వేళప్పుడు, కూర్చుంటేనా నడిస్తేనా, ఊపిరి పీలిస్తే పెరుగుతుందా, ఎంతసేపు ఉంటుంది, ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఓపీలో అవతల ఎంత తొందరగా పంపించేయాలని చూసినా, ఆ కాగితం చదివి వినిపించాకే కుర్చీలోంచి లేవండి.