మూడుసార్లు గెలిచిన మెంబరు నాలుగోసారి పోటీ చేయకూడదా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర ఓ గ్రామ పంచాయతీ. మా వార్డుకు ఒకాయనే మూడుసార్లు మెంబరుగా గెలిచారు. మధ్యలో వార్డు మహిళలకు రిజర్వు అయితే ఆయన భార్య గెలిచారు, పెత్తనం మాత్రం ఆయనదే. రెండుసార్లు గెలిచినవాళ్లు ఇక పోటీ చేయకూడదని చట్టం ఉందంటూ వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా? నామినేషన్ల పరిశీలన రోజు అభ్యంతరం పెడితే నిలుస్తుందా? హైకోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: అలాంటి చట్టం లేదు. మన రాష్ట్రంలో వార్డు మెంబరు, సర్పంచ్, కార్పొరేటర్ ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. రాజ్యాంగం ఐదేళ్లు అని గడువు పెట్టింది పాలకవర్గానికి, మనిషికి కాదు. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73, 74వ సవరణలు 1993లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఇదే పరిస్థితి. కాబట్టి పరిశీలన రోజు ఆ ఒక్క కారణంతో అభ్యంతరం పెడితే రిటర్నింగ్ అధికారి తోసిపుచ్చుతారు. 21 ఏళ్లు నిండాయా, ఆ పంచాయతీలో ఓటు ఉందా, చట్టం చెప్పిన అనర్హతలు ఏమైనా ఉన్నాయా అన్నవే అక్కడ చూస్తారు.

అయితే మీ మనసులోని మాట కొత్తదేమీ కాదు. కాంచీపురం జిల్లా ఉత్తరమేరూరు గుడి గోడల మీద పరాంతక చోళుడి కాలంనాటి శాసనాలు ఉన్నాయి, క్రీ.శ. 919, 921 నాటివి. ఆయన తండ్రి ఆదిత్య చోళుడు కన్నుమూసింది మన శ్రీకాళహస్తి పక్కనున్న తొండమనాడులో. ఆ ఊరి సభకు వారియాలనే కమిటీలు ఉండేవి. అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. పదవి 360 రోజులు. గడచిన మూడేళ్లలో ఏ కమిటీలోనైనా పనిచేసినవాడి పేరు కుండలో వేయకూడదు. పదవిలో ఉండి లెక్క చెప్పనివాడికీ, వాడి దగ్గరి బంధువులకూ అర్హత లేదు. మొదటిసారి చదివినప్పుడు ఈ బంధువుల మాట దగ్గర ఆగిపోయాను. మీరు ఇప్పుడు అడుగుతున్నది దాని గురించే కదా.

ఈ కాలంలో ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగంలోనే స్థానిక పదవులకు వరుసగా మూడుసార్లకు మించకూడదని రాసుకుంది. న్యూయార్క్ నగర ప్రజలు 1993లో ఓటేసి రెండుసార్లకు పరిమితి పెట్టారు. 2008లో కౌన్సిల్ సభ్యులే దాన్ని మూడుకు పెంచుకున్నారు. 2010లో ప్రజలు మళ్లీ ఓటేసి రెండుకు దించారు.

మరి మనం పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. దానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. పంచాయతీలకు 243-ఎఫ్, మున్సిపాలిటీలకు 243-వి అధికరణలు, రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అనర్హతలు చేర్చవచ్చని చెబుతున్నాయి. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారు పోటీ చేయకూడదన్న నిబంధన అలా వచ్చిందే. 1994 పంచాయతీరాజ్ చట్టంలో దాన్ని పెట్టారు, 2024లో తీసేశారు. హర్యానాలోని ఇలాంటి నిబంధన 2003లో సుప్రీంకోర్టు ముందుకు వస్తే, పోటీ చేసే హక్కు ప్రాథమిక హక్కు కాదు, చట్టం ఇచ్చిన హక్కేనని చెప్పి దాన్ని నిలబెట్టింది. అంటే మీరు అడగాల్సింది మీ ఎమ్మెల్యేని. లేని అనర్హతను సృష్టించమంటే హైకోర్టు ఒప్పుకోదు. పైగా ఎన్నికల వివాదాలను ఎన్నికయ్యాక వేసే ఎలక్షన్ పిటిషన్ ద్వారానే తేల్చుకోవాలని 243-ఓ అధికరణ చెబుతోంది. ఫీజులు కట్టి టెన్షన్ పడటం తప్ప మీకు ఒరిగేది ఉండదు.

పరిమితి లేకపోయినా రిజర్వేషన్ల రొటేషన్ కొంతవరకు ఆ పని చేస్తోంది. దీనిలో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. కొత్తగా గెలిచిన మహిళకు తీర్మానాలు చదవడం, ఎంపీడీవో ఆఫీసులో నిలబడి అడగడం అలవాటయ్యేసరికి గడువు అయిపోతుంది. తర్వాత వార్డు జనరల్ అయితే, ఇక మగవాళ్లదేనని ఆమెను ఇంట్లో కూర్చోబెడతారు. అది తప్పు. జనరల్ స్థానంలో మహిళలు కూడా పోటీ చేయవచ్చు. మీ ఊళ్లో ఈ మాట నలుగురికీ చెప్పండి. మెంబరుగా గెలిచింది భార్య అయినప్పుడు పంచాయతీ సమావేశంలో కూర్చుని మాట్లాడే అధికారం భర్తకు లేదు. ఇక ముందు అలా జరిగితే జిల్లా పంచాయతీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఒకరే ఎక్కువకాలం ఉండటం కంటే అసలెవరూ లేకపోవడం ఇంకా పెద్ద నష్టమని తిరుపతిని చూస్తే నాకనిపిస్తుంది. 2007లో కార్పొరేషన్ అయింది, తొలి కార్పొరేషన్ ఎన్నిక 2021 మార్చిలో జరిగింది. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తిచేయాలని సుప్రీంకోర్టు 2006లోనే కిషన్‌సింగ్ తోమర్ కేసులో చెప్పింది. ఎన్నికలు ఆగిపోయినప్పుడు హైకోర్టుకు వెళితే మీ వాదనకు బలం ఉంటుంది.

మీ మెంబరు విషయానికొస్తే, ఎన్నికల ఖర్చు లెక్క ఇవ్వనివారిపై మూడేళ్ల అనర్హత వేటు పడే అవకాశం ఉంది. ఆయన గతంలో లెక్క ఇచ్చారో లేదో కనుక్కోండి. మీ వార్డులో ఏ పనికి ఎంత బిల్లు పెట్టారో సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శిని అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితాలతో గ్రామసభకు వెళ్లి, మీ ప్రశ్నలను మినిట్స్‌లో రాయించండి.