నడుము ఆపరేషన్ తర్వాత రిహాబ్‌లో చేర్చాలా? ఇంటికి ఫిజియోథెరపిస్టు వస్తే చాలదా?

మీ నాన్నగారికి నడుములో స్క్రూలు వేసి, పూసలు ఒకదానికొకటి అతుక్కునేలా ఫ్యూజన్ చేశారని, కుడి పాదం ఇంకా పైకి లేవట్లేదని, మూడు వారాలు రిహాబ్‌లో, అంటే అక్కడే ఉండి మళ్లీ సొంతంగా కదలడం నేర్చుకునే పునరావాస కేంద్రంలో, ఉంచమన్నారని రాశారు. నాకూ అదే ఆపరేషన్, కాకపోతే ఎడమ పాదం. నన్నడిగితే చేర్చండి.

నాకు నడుములోని ఎల్4, ఎల్5 అనే పూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కేసింది. ఆపరేషనయ్యాక ఆరో రోజున ఇంటికొచ్చేశాను. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు బాగానే చేయించేవాడు, రోజూ నలభై నిమిషాలు. మిగతా రోజంతా నేనెలా గడపాలో మాకెవరికీ తెలియదు. లేవాలంటే మా అబ్బాయి చంకల కింద చేతులేసి లేపేవాడు. స్నానం కోడలు చేయించేది. ఎంత మంచి పిల్లయినా, బాత్రూంకి వెళ్లాలన్న ప్రతిసారీ ఆమెను పిలవలేక నేను నీళ్లు తాగడమే తగ్గించేశాను. నొప్పి ఓర్చుకోగలిగాను గానీ అది ఓర్చుకోలేకపోయాను. రెండు వారాలు అలా గడిచాక రిహాబ్‌లో చేరాను.

చేరిన రోజే ఒక కాగితం చూపించారు. తినడం, బట్టలు కట్టుకోవడం, స్నానం, మెట్లెక్కడం, ఇలా 18 పనులు. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. పూర్తిగా ఇంకొకరు చేస్తే 1, ఎవరి సాయమూ, ఏ పరికరమూ లేకుండా చేసుకుంటే 7. వాకరు పట్టుకునైనా ఒక్కరే వెళ్లగలిగితే 6. ముప్పై ఏళ్లు పిల్లలకు మార్కులు వేసినదాన్ని, స్నానం దగ్గర నాకు 2 పడింది.

మర్నాడు పొద్దున థెరపిస్టు వచ్చి "మీరే లేవండమ్మా, నేనిక్కడే ఉంటాను" అంది. మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి తిప్పుతూ దుంగలా పక్కకి దొర్లాలి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ మోచేత్తో, అరచేత్తో పైకి నెట్టుకోవాలి. నడుము మెలితిరక్కూడదు. నాకు చాలాసేపు పట్టింది. కోడలు రెండుసార్లు ముందుకొస్తే థెరపిస్టు ఆమెను ఆపింది. అక్కడ నాతోపాటు మా కోడలికీ శిక్షణే: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు పట్టుకోకూడదు. ఇంటికి థెరపిస్టు వస్తే ఇది దొరకదని అనను, మాకు మాత్రం దొరకలేదు.

పొద్దున, సాయంత్రం కాళ్లకు వ్యాయామాలు, నడక. వేలాడే పాదాన్ని పైకి పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింటు. మెట్లు ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైనది ముందు. కానీ నన్ను నిజంగా నిలబెట్టింది ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పేది. బకెట్ కింద కాకుండా స్టూలు మీద పెట్టి, కుర్చీలో కూర్చుని స్నానం చేయడం. లంగా మంచం మీద కూర్చునే, చేతికర్రతో ముందు బలహీనమైన కాలికి తొడుక్కోవడం. కుచ్చిళ్లు అంచు సర్దుకోవడానికి వంగాలి కదా, అందుకని మూడు నెలలు నైటీలే అని తేల్చేశారు. కింద పడినదాన్ని పట్టుకర్రతో తీసుకోవడం నేర్పారు.

మాది చిత్తూరు వైపు, పక్క మంచం ఆవిడ వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి గురించి చెప్పింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం పెట్టించిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు, అంతకు ముందే 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిపోయిందట. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారట. అది విన్న రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

పదమూడో రోజు సాయంత్రం థెరపిస్టు "ఇక ఒక్కరే వెళ్లొచ్చు" అంది. తెల్లవారుజామున కోడలు నిద్రపోతోంది, లేపలేదు. దొర్లి, లేచి, స్ప్లింటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని, వాకరుతో బాత్రూంకి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి తను ఖాళీ మంచం చూసి గాబరాగా నిలబడి ఉంది. నన్ను చూసి కూర్చుండిపోయింది. ఆ రోజు కడుపునిండా నీళ్లు తాగాను.

చేర్చేముందు రెండు అడగండి: ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారా, ఇంట్లోవాళ్లకు నేర్పిస్తారా అని. ఇన్సూరెన్సు వాళ్లు రిహాబ్ ఖర్చు ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆయన తిరిగొచ్చేలోపు ఇంట్లో వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకునే కడ్డీ పెట్టించండి. కుంగిపోయే నవారు మంచం వద్దు. ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. వంగడం, మెలితిరగడం, బరువులెత్తడం, కింద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం సర్జన్ సరేననేదాకా వద్దు. ఆయనకు సిగరెట్ అలవాటుంటే మాన్పించండి, అది ఎముకను సరిగ్గా అతకనివ్వదు.

మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు కొత్తగా బలహీనపడినా, పిక్క వాచినా, జ్వరంతో కుట్ల దగ్గర చీము కారినా పొద్దుటిదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి తీసుకెళ్లండి.