ఇంటిపేరు రికార్డుకొక రకంగా ఉంటే ఎక్కణ్ణుంచి వెతకాలి?

తాతగారి స్కూల్ టి.సి.లో ఇంటిపేరు ఒకలా, నాన్నగారి సర్వీసు రిజిస్టరులో ఇంకోలా, మీ పాస్‌పోర్టులో మూడో రకంగా ఉందన్నారు. ఆ పేరున్నవాళ్ళు బయట ఎక్కడా కనబడటం లేదని, ఇవన్నీ ఒకే కుటుంబం పేర్లేనా అని అడిగారు. నేను మా ఇంటిపేరు కోసం ఆరేళ్ళు తిరిగాను. మొదటి రెండేళ్ళు పూర్తిగా వృథా అయ్యాయి. మీకు అలా కాకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తాడినాడ వారి కుటుంబం. తెలుగులో చూస్తే ఏ చిక్కూ లేని పేరు. ఇంగ్లీషులో రాయగానే మొదటి అక్షరం దగ్గరే గొడవ మొదలవుతుంది. త కి కొందరు టి ఒక్కటే వేస్తారు, కొందరు టి పక్కన హెచ్ కూడా వేస్తారు. ట కి కూడా టి యే. డ, ద రెండింటికీ డి. దీర్ఘమైనా హ్రస్వమైనా ఒకటే ఎ. మా పేరు తెలియనివాళ్ళు దాన్ని ఇంగ్లీషు నుంచి మళ్ళీ తెలుగులోకి మారిస్తే టాడినాడ కావచ్చు, తదినాద కావచ్చు. మా చిన్నతాతగారి ఓటరు కార్డులో 'టాడినాడ' అనే పడింది. మీ పేరులో ళ గానీ ణ గానీ ఉంటే ఇంకా కష్టం, ఇంగ్లీషులోకి వెళ్ళి వచ్చేసరికి అవి ల, న అయిపోతాయి. మీది తెలంగాణ వైపు అయితే పాత పహాణీలు (ఏటేటా పొలం ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డులు) ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు కాబట్టి చదివేవాళ్ళ ఊహను బట్టి పేరు మారిపోతుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని రెండేళ్ళు వెబ్‌సైట్లలో వెతికాను. దొరికినవాళ్ళకల్లా ఫోన్లు చేశాను. ఒక కుటుంబం విషయంలో అక్షరం అక్షరం కలిసింది, ఎంత సంతోషించానో! తీరా మాట్లాడితే గోత్రం కలవలేదు, సామాజిక వర్గమే వేరు. ఊరిపేరు ఇంటిపేరైనప్పుడు ఇలా జరుగుతుంది. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవాళ్ళు వేర్వేరు కాలాల్లో బయటికి వచ్చి అందరూ ఆ ఊరిపేరే పెట్టుకుని ఉంటారు. అందుకని పేరు కలిసినంత మాత్రాన చుట్టాలు అనుకోకండి, పేరు తేడాగా ఉందని పరాయివాళ్ళనీ అనుకోకండి.

దారి చూపించింది మా నాయనమ్మ. అప్పటికి ఆవిడకు తొంభై దాటాయి. "మనం తాణ్ణాడోళ్ళం రా" అంది మాటల్లో. చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. పలకడంలో 'తాడినాడ' కాస్తా 'తాణ్ణాడ' అయిందంటే, విన్నది విన్నట్టు రాసే దస్తావేజు రాతగాడు కూడా అలాగే రాసి ఉండాలి కదా! మీరు కూడా ముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ చేత ఇంటిపేరు చెప్పించి ఫోనులో రికార్డు చేసుకోండి. ఎలా రాస్తారని అడగొద్దు, ఎలా అంటారని అడగండి.

తర్వాత తాడినాడ వెళ్ళాను. కైకలూరు దగ్గర ఊరు అది. మా ఇంటిపేరువాళ్ళు అక్కడ నాకు ఒక్కరూ దొరకలేదు. చాలా నిరాశ పడ్డాను. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నా బాధ విని, "ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరిపేరుతో ఎవరు పిలుస్తారయ్యా? వెళ్ళిపోయినవాణ్ణి పిలుస్తారు గానీ" అన్నారు. అంటే మా వాళ్ళకు ఆ పేరు వచ్చింది తాడినాడలో కాదు, అక్కణ్ణుంచి వచ్చి స్థిరపడిన చోట. నేను వెతకాల్సింది భీమవరం దగ్గర మా తాతగారి ఊరి రికార్డులు.

అక్కడ పట్టుకోవాల్సింది పేరును కాదు, భూమిని. పేరు రాసేవాడి చేతిలో మారుతుంది. పొలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్సులు ఉంటాయి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తి వివరాలతో. అందరూ ఒకటో దానిలో వెతికి, పేరు లేదని తిరిగి వచ్చేస్తారు. నేనూ అదే చేశాను. రెండో ఇండెక్సులో ఊరు, సర్వే నంబరు పట్టుకుని వెతికితే దస్తావేజులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టి, రుసుము కట్టి పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఓపిక కావాలి. ఒక ఆఫీసు చుట్టూ నేను పదకొండుసార్లు తిరిగాను.

దస్తావేజు నకలు చేతికి వచ్చాక కొన్నవాళ్ళ, అమ్మినవాళ్ళ పేర్లు చూసి పక్కన పెట్టేయకండి. హద్దులు చదవండి. మా ముత్తాతగారి జాడ మొదట దొరికింది మా దస్తావేజులో కాదు, పక్క పొలం వాళ్ళ అమ్మకం కాగితంలో. 'తూర్పు: తాణ్ణాడ వారి పొలం' అని ఉంది. నాయనమ్మ ఆ మాట అనకపోయి ఉంటే ఆ వరుస చూసి కూడా దాటేసేవాణ్ణి. కరణాల గొలుసుకట్టు రాత చదవడం మొదట్లో నా వల్ల కాలేదు. రిటైరైన ఒక దస్తావేజు లేఖరి రెండు ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. ఆయన మేలు మర్చిపోలేను. శిస్తు రసీదుల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది, దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1342 అంటే 1932-33.

తాణ్ణాడ, తాడినాడ ఒకటేనని రుజువు మాత్రం డైగ్లాట్‌లో దొరికింది. భూములు కొలిచి శిస్తు నిర్ణయించిన సర్వే సెటిల్‌మెంట్ తర్వాత ఊరూరికీ తయారైన భూముల రిజిస్టరు అది. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టే ఆ పేరు. అదే సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు ఇంటిపేరు తెలుగులో 'తాడినాడ' అని పూర్తిగా ఉంది. ఇంగ్లీషు అక్షరం టి కి త అనుకోవాలా ట అనుకోవాలా అన్న అనుమానం ఆ ఒక్క వరుసతో తీరింది. మీ మూడు స్పెల్లింగుల సంగతి కూడా ఇలాగే తేల్చండి. పొలమో, ఇంటి స్థలమో ఒకటే అయి, తండ్రి పేరు కూడా కలిస్తే అవి ఒకే కుటుంబానివి.

జిల్లా విషయంలో జాగ్రత్త. భీమవరం 1904 దాకా గోదావరి జిల్లాలో, తర్వాత 1925 దాకా కృష్ణా జిల్లాలో, ఆపైన పశ్చిమ గోదావరిలో ఉంది. కైకలూరు 2022లో ఏలూరు జిల్లాకు వెళ్ళింది. పాత ఇంగ్లీషు రికార్డుల్లో కృష్ణా జిల్లా పేరులో మధ్యన టి కూడా ఉంటుంది, కిస్ట్నా అని చదవాల్సినట్టు. కాకినాడను కొకనాడా అని, ఏలూరును ఎల్లోర్ అని రాశారు. ఊళ్ళకే అలా రాసినవాళ్ళు మన ఇంటిపేర్లకు ఎలా రాసి ఉంటారో ఆలోచించండి.

ఇంకొక్కటి చెప్పాలి. నాన్నగారి పిండప్రదానానికి గయ వెళ్ళినప్పుడు పండా (అక్కడ కర్మ చేయించే పురోహితుడు) మమ్మల్ని ఇంటిపేరు అడగలేదు. జిల్లా, తాలూకా, ఊరు అడిగారు. పాత జిల్లాల పేర్లు చెప్పాక లోపల్నుంచి పొడవాటి పుస్తకం ఒకటి తెచ్చి పేజీలు తిప్పారు. అందులో మా ముత్తాతగారి అన్నగారు స్వహస్తంతో తెలుగులో రాసిన నాలుగు వరుసలు ఉన్నాయి. తండ్రి పేరు, తాత పేరు, తమ్ముళ్ళ పేర్లు, చివర 'తాడినాడ వారు, పూర్వ నివాసం కైకలూరు తాలూకా' అని. పండాకు తెలుగు రాదు, యాత్రికుల చేతే రాయిస్తారు. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడలేదు కాబట్టే ఆ పేరు చెక్కుచెదరకుండా ఉంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పుస్తకంలోనే కొత్త పేజీలో నాన్నగారి పేరు, మా అన్నదమ్ముల పేర్లు, పిల్లల పేర్లు తెలుగులోనే రాసి వచ్చాను.

మీ తాతగారి ఊరు, పాత తాలూకా చెప్పండి. అప్పట్లో అది ఏ జిల్లా కింద ఉండేదో చూసి పెడతాను.