వేపచెట్టు మీది చలికాలపు పిట్ట

ప్రశ్న: మాది గుంటూరు. దీపావళికి ముందు నుంచి మా పెరటి వేపచెట్టులో పిచ్చుక కంటే చిన్నదైన పచ్చటి పిట్ట తిరుగుతోంది. ‘చిలీ, చిలీ’ అన్నట్టు అరుస్తుంది, క్షణం నిలవదు. నవంబరులో తీసిన ఫోటోలో దాని రెక్క మీద సన్నని తెల్లగీత ఉంది. సంక్రాంతికి తీసిన దానిలో లేదు. ఇవి రెండు వేర్వేరు జాతులా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన రెండు ఫోటోలలో ఉన్నదీ ఒకే జాతి. పక్షి పరిశీలకులు దీనిని గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు సుమారు 8 గ్రాములు. రెక్క మీది ఈకల లేత కొనలు వరుసగా కలిసి ఆ గీత ఏర్పడుతుంది కనుక, కొనలు అరిగేకొద్దీ అది సన్నబడి, కొన్ని పక్షులలో పూర్తిగా మాయమవుతుంది. అందుచేత ఈ పిట్టను గుర్తించడంలో నేను ఆ గీతకు చివరి స్థానమే ఇస్తాను. కంటి పైనుంచి తల వెనుక దాకా సాగే లేత పసుపు చార, దాని కిందుగా కంటిని దాటే ముదురు గీత, ముక్కు కింది భాగపు లేత రంగు మీ రెండు ఫోటోలలోనూ స్పష్టంగా ఉన్నాయి.

వీటన్నిటికంటే నమ్మదగినది మీరు రాసిన అరుపు. విజయవాడలో మా వీధి చింతచెట్టు కింద నేను ఈ పిట్టను ఏటా ముందు చెవులతోనే గుర్తుపడతాను. కంటికి ఆనేది ఆ తరువాతే. మన పెరళ్ళకు చలికాలంలో వచ్చే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ గోధుమ రంగులో ఉండి, పొదలలో దాగి ‘చెక్, చెక్’ అంటుంది. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే దర్జీ పిట్టకు నెత్తి మీద ఇటుక రంగు ఉంటుంది, తోక నిక్కపొడిచి ఉంటుంది.

హిమాలయాలలోనూ, తూర్పు ఐరోపా నుంచి సైబీరియా వరకు ఉన్న అడవులలోనూ వేసవిలో గూడు కట్టే ఈ జాతి, చలికాలానికి మన దేశానికి వస్తుంది. వచ్చిన తరువాత ఒక్కొక్క పిట్టా కొన్ని చెట్లను తనవిగా చేసుకొని, ఆకుల మీది చిన్న పురుగులను ఏరుకు తింటూ, ఆ అరుపుతోనే తన హద్దును చాటుకుంటుంది. కాబట్టి రెండు ఫోటోలలో ఉన్నది ఒకే జాతే కాక, ఒకే పిట్ట కూడా అయి ఉండవచ్చు. ఈ నెలల్లో ఆ చెట్టుకు పురుగుమందు కొట్టించకండి. ఏప్రిల్‌లో ఆ అరుపు చివరిసారి ఏ రోజు వినిపించిందో రాసిపెట్టుకొని, సెప్టెంబరు చివరి నుంచి మళ్ళీ అదే చెట్టు కింద వినండి.