మధ్యలో ఒక రాత్రి మేనమామ ఇంట్లో

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది నరసాపురం. తొమ్మిదేళ్లుగా నేనూ మావారూ అస్సాంలో కోక్రాఝర్ దగ్గర పల్లెల్లో మిషనరీలుగా సేవ చేస్తున్నాం. బాబుకి పదమూడు, పాపకి పది. ఇద్దరూ ఊటీలో బోర్డింగ్‌లో ఉన్నారు. ఇన్నాళ్లూ సెలవులకి మావారే వెళ్లి రైల్లో తీసుకొచ్చేవారు. రానూపోనూ వారం పట్టేది. ఈ డిసెంబరులో ఆయనకి కుదరదు. అందుకని పిల్లల్ని విమానంలో రప్పిద్దామనుకుంటున్నాం. కోయంబత్తూరులో ఎక్కి, చెన్నైలో మారి, గువాహటిలో దిగాలి. ఒకే టికెట్ మీద అయితే ఖరీదు ఎక్కువ. రెండు కంపెనీల్లో విడివిడిగా కొంటే ఐదు వేలు తగ్గుతుంది, చెన్నైలో రెండు గంటలు టైము ఉంటుంది. ‘బాబు ఉన్నాడుగా, చెల్లిని చూసుకుంటాడు’ అంటున్నారు మావారు. నాకేమో టెన్షన్. మా తమ్ముడు చెన్నైలో పల్లావరంలో ఉంటాడు. ఇంకో మాట. పాప ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడదు. మా మీద కోపమా?
– ఒక సోదరి, అస్సాం

జవాబు: పదమూడేళ్ల బాబు టికెట్ లెక్కలో పెద్దవాడే. తోడు లెక్కలో మాత్రం కాదు. పన్నెండు నిండని చెల్లికి అతన్ని పెద్దదిక్కుగా కౌంటర్లో సాధారణంగా ఒప్పుకోరు. ఈ సంగతి పిల్లలు కోయంబత్తూరు ఎయిర్‌పోర్టులో పెట్టెలు పట్టుకుని నిలబడ్డాక తెలియకూడదు కాబట్టి ముందే మీవారి చెవిన వెయ్యండి.

ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలు పెద్దవాళ్లు లేకుండా ఎక్కాలంటే ‘అన్‌అకంపనీడ్ మైనర్’ కింద బుక్ చెయ్యాలి. నేను విమాన కంపెనీలో పనిచేసినప్పుడు మా కౌంటర్లో దీన్ని యూఎం అనేవాళ్లం. దీనికి విడిగా ఛార్జీ ఉంటుంది, ఫారం ఉంటుంది. మామూలుగా ఆన్‌లైన్‌లో టికెట్ కొని వదిలెయ్యకుండా కంపెనీకి ఫోన్ చేసి మాట్లాడండి. మధ్యలో విమానం మారే ప్రయాణానికి చాలా కంపెనీలు యూఎంని తీసుకోవు. తీసుకునేవాళ్లు కూడా రెండు వేర్వేరు కంపెనీల మధ్య బాధ్యత పడరు.

విడి టికెట్ల సంగతి నాకు బాగా తెలుసు. 2005 ప్రాంతంలో నేను హైదరాబాద్ పాత ఎయిర్‌పోర్టు బేగంపేటలో డ్యూటీలో ఉండగా ఒక పిల్లవాడు వచ్చాడు. పన్నెండు దాటి నెలో రెండు నెలలో అయి ఉంటుంది. అమ్మానాన్నలు కోరాపుట్ వైపు మిషనరీలు. ఇతనూ కొండమీది బోర్డింగ్ నుంచి ఇంటికి వెళ్తున్నాడు. కోయంబత్తూరు నుంచి వచ్చిన మా విమానం మూడు గంటలు లేటు. విశాఖపట్నం వెళ్లాల్సిన రెండోది వేరే కంపెనీది, ఎప్పుడో ఎగిరిపోయింది. వాళ్లేమో ‘టైముకి రాలేదు, టికెట్ పోయినట్టే’ అన్నారు. మావాళ్లేమో ‘మా టికెట్ హైదరాబాద్ వరకే’ అన్నారు. రూలు ప్రకారం ఇద్దరిదీ న్యాయమే. మధ్యలో పిల్లవాడు. అమ్మ నంబరేదిరా అంటే సూట్‌కేసులో డైరీలో ఉందన్నాడు. ఆ సూట్‌కేసు ఆ విమానంలో రాలేదు. పెరుగన్నం తినిపించి, భయం పోగొడదామని ఏమొచ్చురా నీకు అని అడిగితే, నూట పంతొమ్మిదో కీర్తన మొదలుపెట్టి సగం దాకా ఆగకుండా అప్పచెప్పాడు. అది బైబిల్లో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం. పది అంకెలు మాత్రం రాలేదు. రాత్రి పదింటికి విశాఖలో ఎదురుచూస్తున్న తండ్రి అక్కడి కౌంటర్లో గొడవ చేస్తే అప్పుడు మాకు ఫోన్ వచ్చింది. మర్నాడు పంపాం. నేను ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు.

కాబట్టి విమానాల గురించి అంతగా భయపడకండి, మధ్యనుండే ఆ రెండు గంటల గురించి ఆలోచించండి. మీకు పల్లావరంలో తమ్ముడున్నాడు. అంటే ఎయిర్‌పోర్టు పక్కనే మేనమామ ఇల్లు! ఇంత అదృష్టం పెట్టుకుని రెండు గంటల కనెక్షన్ ఎందుకమ్మా? ప్రయాణాన్ని మీరే విరిచెయ్యండి. మొదటిరోజు కోయంబత్తూరు నుంచి చెన్నైకి, ఆగకుండా వెళ్లే విమానం. మామయ్య దింపుకుంటాడు. రాత్రి అక్కడే పడుకుంటారు. మర్నాడు పొద్దున మామయ్యే ఎక్కిస్తాడు, నేరుగా గువాహటి. రెండు ప్రయాణాలకీ పాపకి విడివిడిగా యూఎం ఫారాలు నింపండి. బాబుని కూడా అదే సర్వీసులో చేర్చుకుంటారేమో అడగండి, కొన్ని కంపెనీలు డబ్బు కడితే చేర్చుకుంటాయి. ఇలా అయితే విడి టికెట్లు కొన్నా ఫర్వాలేదు, మధ్యలో ఒక రాత్రంతా ఉంది. మీకు మిగిలే ఐదు వేలల్లో చాలావరకు ఆ ఛార్జీలకే పోవచ్చు, పోనివ్వండి.

ఫారంలో దింపేవాళ్ల పేరు, తీసుకునేవాళ్ల పేరు వాళ్ల ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. ఇంట్లో పిలిచే ‘చిన్ని’, ‘బాబ్జీ’ పనికిరావు. ఆ కార్డు చూపిస్తే గానీ పిల్లల్ని అప్పగించరు. ఎక్కించినవాళ్లు విమానం ఎగిరేదాకా ఎయిర్‌పోర్టు వదలకూడదు. మీ తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టాలి, ‘అలా దింపేసి వెళ్తా’ అంటే కుదరదు. పిల్లల దగ్గర స్కూల్ ఐడీ కార్డో, ఆధారో ఉండాలి, చేతి సంచిలో. పవర్‌బ్యాంకు ఉంటే అదీ చేతి సంచిలోనే, సూట్‌కేసులో పెట్టనివ్వరు. మీ నంబరు, మామయ్య నంబరు ఇద్దరికీ నోటికి రావాలి. ఇప్పటినుంచే ఫోన్ చేసినప్పుడల్లా అప్పచెప్పించుకోండి.

ఊటీ నుంచి కోయంబత్తూరు దాకా ఘాట్ రోడ్డు, వాంతులు చేసుకునే పిల్లలైతే పొద్దున్నే కడుపునిండా పెట్టొద్దని వార్డెన్‌కి చెప్పండి. అటుపక్క గువాహటిలో డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది. అక్కడినుంచి మీ ఊరికి ఇంకా నాలుగైదు గంటల రోడ్డు. మధ్యాహ్నం లోపు దిగే విమానమే చూడండి.

ఇక పాప సంగతి. మా నాన్న గుంటూరులో మిషన్ కాంపౌండ్‌లో డ్రైవరు. అమెరికన్ లూథరన్ దొరల పిల్లలు కొడైకెనాల్ బోర్డింగ్‌లో చదివేవాళ్లు. మిషనరీల పిల్లల కోసం 1901లో పెట్టిన స్కూలది. అప్పట్లో విమానాలెక్కడివి? రైల్లో మద్రాసు సెంట్రల్‌లో దిగి, ఎగ్మోరుకి వెళ్లి ఇంకో రైలెక్కి కొడై రోడ్‌లో దిగాలి. సెంట్రల్‌కీ ఎగ్మోరుకీ మధ్యే వాళ్ల కనెక్షన్! సెలవులకి వచ్చేటప్పుడు నాన్న తెనాలి స్టేషన్‌కి జీపు తీసుకెళ్లేవాడు. ఏడేళ్ల దొరపిల్ల ఒకతి తల్లిని చూసి పలకరించేది కాదట. జీపెక్కి నాన్న పక్కన కూర్చుని, అచ్చం మన గుంటూరు తెలుగులో ‘కుక్క ఈనిందా? పిల్లలెన్ని?’ అని మొదలుపెట్టేదట. తల్లి వెనక సీట్లో కూర్చుని కళ్లు తుడుచుకునేది. మూడో రోజుకి తల్లి కొంగు, అదే గౌను, వదిలేది కాదు.

మీ పాపదీ కోపం కాదు. నెలల తరబడి వంద మంది మధ్య గంట కొడితే లేచి, గంట కొడితే తిని, ఒక్కసారిగా మీ ఇంట్లో దిగుతుంది. ఆ ఇల్లు మళ్లీ తనదిగా అనిపించడానికి టైము పడుతుంది. మీరు రాయలేదు గానీ, అడుగుతున్నాను: పిల్లలొచ్చిన సాయంత్రమే ప్రార్థన కూడిక పెడుతున్నారా? ‘మా పిల్లలు వచ్చారు, ఒక పాట పాడతారు’ అని నిలబెడుతున్నారా? సేవలో ఉన్న ఇళ్లలో ఇది మామూలే, నేను చాలా చోట్ల చూశాను. ఈసారి మొదటి మూడు రోజులు వద్దు. సంఘంవాళ్లు నొచ్చుకుంటే ప్రయాణం బడలిక అని చెప్పండి, అబద్ధమేం కాదు. ఇంట్లో మేకో కోడో ఉంటే మేత వెయ్యమని పాపకి అప్పగించండి. ప్రశ్నలు మాత్రం మీరు అడగకండి, తననే అడగనివ్వండి.