అమ్మానాన్నలతో ఐస్‌లాండ్ హైలాండ్స్: ఒక్క రోజు ప్రైవేట్ జీప్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?

ఆగస్టులో ఐస్‌లాండ్ వెళ్తున్నామని, అరవై దాటిన అమ్మానాన్నలు కూడా వస్తున్నారని రాశారు. హైలాండ్స్‌లో, అంటే దేశం నడిమధ్య ఉన్న జనం లేని ఎత్తైన ప్రాంతంలో, జలపాతాలు, వేడినీటి గుండాలు చూపించే ప్రైవేట్ జీప్ ట్రిప్ రేటు చూసి భయమేసిందని, దాని బదులు మనమే ఫోర్ వీల్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుంటే సరిపోదా అని అడిగారు.

పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టి ఆ ఒక్క రోజుకి డబ్బు పెట్టండి. మిగతా రోజులు మీరే నడుపుకోండి, అక్కడి తారురోడ్లు చాలా బాగుంటాయి. మేముండేది మాంచెస్టర్ దగ్గర. అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చినప్పుడు మా ఆవిడ, పాపతో కలిసి ఐస్‌లాండ్ వెళ్లాం, సరిగ్గా మీరు అడిగిన రూట్‌లోనే ఒక రోజు తిరిగాం. బండికి లక్ష రూపాయలు దాటింది. అయితే ఆ రేటు మనిషికి కాదు, బండి మొత్తానికి. ఐదారుగురు ఉంటే తలా ఎంత పడుతుందో లెక్క వేసుకుని, అప్పుడు గ్రూప్ టూర్ రేటుతో పోల్చి చూడండి.

అసలు ఆ డబ్బు దేనికిస్తున్నామో చెప్తాను. హైలాండ్స్‌లోకి వెళ్లే దారుల నంబర్ల ముందు 'ఎఫ్' అని ఉంటుంది. వాటి మీదకి ఫోర్ వీల్ డ్రైవ్ లేని బండి తీసుకెళ్లడం చట్టప్రకారం నేరం. ఏడాదిలో ఎక్కువ భాగం అవి మూసే ఉంటాయి. మామూలుగా జూన్ రెండో సగంలో ఒక్కొక్కటీ తెరుస్తారు, సెప్టెంబర్ దాటాక మంచు పడితే మళ్లీ మూత. అంతా కంకర, గతుకులు, బూడిద. చాలాచోట్ల ఏర్లకి వంతెనలు ఉండవు, నీళ్లలోంచే దాటాలి. అద్దె కారుకి ఎంత ఖరీదైన ఇన్సూరెన్స్ తీసుకున్నా, ఏరు దాటేటప్పుడు ఇంజిన్‌లోకి నీళ్లు పోతే అది సాధారణంగా వర్తించదు. ఖర్చంతా మన నెత్తినే. వెనక సీట్లో అమ్మానాన్నలు, పక్కన మోకాలి లోతు ఏరు, ఫోన్‌లో సిగ్నల్ ఉందో లేదో తెలియదు. ఆ టెన్షన్‌తో కొండలేం చూస్తాం?

మా డ్రైవర్ ఏరు దాటించిన తీరు నాకు బాగా గుర్తుంది. గట్టున బండి ఆపి, దిగి, నీళ్లకేసి అలా చూస్తూ నిలబడ్డాడు. మాకు నున్నగా, నిదానంగా కనిపించిన చోటు లోతట. అలలు లేచి గలగలమంటున్న చోటే లోతు తక్కువ, అడుగున రాళ్లుంటాయి కాబట్టి నీళ్లు అలా ఎగిరిపడతాయి అన్నాడు. లో గేర్‌లో వేసి, కొంచెం వాలుకి, ప్రవాహం పోయే వైపుకి ఏటవాలుగా, ఎక్కడా వేగం మార్చకుండా, ఆపకుండా దాటించాడు. హిమానీనదాల నుంచి వచ్చే ఏర్లయితే పొద్దున తక్కువగా ఉంటాయి, ఎండకి మంచు కరిగి సాయంత్రానికి పెరుగుతాయి. అందుకే వెళ్లేటప్పుడు దాటాం కదా అని వచ్చేటప్పుడు ధైర్యం చేయకూడదు. ఇవన్నీ చదివి తెలుసుకోవచ్చు. కానీ నీళ్లను చూడగానే పోల్చుకోవడం అక్కడ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకే వస్తుంది.

ఇక రూట్. రాజధాని రేక్యావిక్ నుంచి సెల్ఫోస్ ఊరి మీదుగా థ్యోర్సౌ నది లోయలోకి వెళ్లి, అక్కడి నుంచి రంగురంగుల కొండలు, వేడినీటి మడుగు ఉన్న లాండ్‌మన్నలాయ్‌గర్ చేరుకుని, తిరుగు ప్రయాణంలో హెక్లా అగ్నిపర్వతం పక్కనుంచి రావడం. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే రాత్రి ఎనిమిది, తొమ్మిది అవుతుంది. ఆగస్టులో అప్పటికీ వెలుతురు ఉంటుంది కాబట్టి బెంగ లేదు.

దారిలో మొదట హ్యౌల్పర్‌ఫోస్ జలపాతం. చిన్నదే, కానీ రెండు పాయలుగా వచ్చి ఒకే మడుగులో పడుతుంది, చుట్టూ మెలితిరిగిన నల్లటి బసాల్ట్ రాతి స్తంభాలు. కారు ఆపిన చోటి నుంచి నాలుగడుగులే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు హాయిగా చూడొచ్చు. తర్వాత హౌయిఫోస్. 122 మీటర్ల ఎత్తు నుంచి ఒకే ధారగా పడుతుంది. మన కుంతాల జలపాతానికి రెండున్నర రెట్ల పైనే. పక్కనే గ్రానీ అని ఇంకో జలపాతం. దీన్ని కింద నుంచి కాదు, ఎదురుగా లోయ అంచున నిలబడి చూస్తాం. అక్కడ రెయిలింగ్ ఉండదు, కాళ్ల కింద వదులు మట్టి, పైగా గాలి. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. అక్కడికి వెళ్లే కంకర దారి కూడా నడుము విరగ్గొడుతుంది. పెద్ద టైర్ల బండి విలువ అక్కడే తెలిసొచ్చింది. డ్రైవర్ టైర్లలో గాలి తగ్గించాడు, సగం కుదుపులు టైర్లే మింగేశాయి.

ఈ లోయలో స్టోంగ్ అనే పాతకాలపు రైతు ఇంటి శిథిలాలు ఉన్నాయి. 1104లో హెక్లా బద్దలైనప్పుడు బూడిద కింద పడిపోయిన ఇల్లు అది, 1939లో తవ్వి బయటికి తీశారు. టైముంటే ఆగండి, లేకపోతే వదిలేయండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసింది సిగోల్డుగ్ల్యూఫుర్ లోయ. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. ఆకుపచ్చ నాచు పట్టిన గోడల నుంచి పదుల సంఖ్యలో సన్నటి జలపాతాలు కారుతుంటాయి, కింద నీలిరంగు నీళ్లు. ఎవరూ తాకని ప్రకృతి అని రాస్తుంటారు. నిజానికి ఆ లోయలో ఒకప్పుడు తుంగ్నా నది పారేది. 1970ల చివర్లో సిగల్డా జలవిద్యుత్ కేంద్రం వచ్చింది, 150 మెగావాట్లది. నదిని ఆనకట్టతో ఆపి టర్బైన్ల వైపు మళ్లించేశారు. లోయలో నది పోయింది. ఇప్పుడు మనం చూసేది గోడల్లోంచి ఊరి, జారి వచ్చే నీళ్లు. నాన్న ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. డ్రైవర్ ఈ సంగతి చెప్పగానే రిజర్వాయర్ ఎటుంది, నీళ్లు ఎక్కడి నుంచి ఊరుతున్నాయి, గేట్లెక్కడ అని వరసపెట్టి అడిగారు. అక్కడ దాదాపు గంట నిలబడిపోయాం. గ్రూప్ బస్సయితే పదిహేను నిమిషాలకి హారన్ కొట్టేవాడు. ప్రైవేట్ ట్రిప్‌లో నాకు ముట్టిన అసలు విలువ ఆ గంటే. ఎవరికి ఏది నచ్చితే అక్కడ నిలబడనిచ్చారు.

ఐస్‌లాండ్ కరెంటులో దాదాపు డెబ్బై శాతం నీటి నుంచి, మిగతాది భూగర్భ వేడి నుంచి వస్తుంది. ఆ నీటిలో మంచి భాగం ఈ థ్యోర్సౌ, తుంగ్నా నదులదే. మర్నాడు గోల్డెన్ సర్కిల్ అనే టూరిస్టు రూట్‌లో గుల్‌ఫోస్ జలపాతానికి వెళ్తే సిగ్రీదుర్ తోమస్‌దోత్తిర్ స్మారకం చూడటం మర్చిపోకండి. 20వ శతాబ్దం మొదట్లో ఆ జలపాతాన్ని విద్యుత్ కోసం లీజుకి తీసుకున్నవాళ్ల మీద పోరాడిన పల్లెటూరి రైతు కూతురు ఆవిడ. ఆవిడ తరఫున వాదించిన లాయర్ స్వేయిన్ బ్యోర్న్‌సన్ తర్వాత 1944లో ఐస్‌లాండ్ మొదటి అధ్యక్షుడయ్యాడు. నది మళ్లిపోయిన సిగోల్డు లోయని ఒక రోజు, నది నిలిచిన గుల్‌ఫోస్‌ని మర్నాడు చూస్తే, ఆ దేశం ఏది ఇచ్చి ఏది ఉంచుకుందో బాగా అర్థమవుతుంది. ఈ రెండూ ఈ వరసలోనే చూడమని నా సలహా.

అక్కడి నుంచి ఎఫ్‌208 మీద లాండ్‌మన్నలాయ్‌గర్. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు. కొండలు పసుపు, గులాబి, ఇటుక రంగు, మధ్యమధ్య బూడిద పచ్చ. రయొలైట్ అనే రాయి వల్ల ఆ రంగులు. పక్కనే 15వ శతాబ్దం చివర్లో పారి గడ్డకట్టిన నల్లటి లావా మైదానం. ఆ లావా అంచు కింద నుంచే వేడినీళ్లు వస్తాయి, చన్నీటి పాయతో కలిసి ఒక మడుగు కడతాయి. స్నానం చేసేది అక్కడే.

దీని గురించి మన ఆడవాళ్లకి ఉండే సందేహాలన్నీ మా ఇంట్లోనూ వచ్చాయి, కాబట్టి వివరంగా రాస్తున్నాను. మడుగు దగ్గర బట్టలు పెట్టుకోవడానికి చెక్క అరుగు, కొక్కేలు మాత్రమే ఉంటాయి. అందరి ముందూ ఆ చలిగాలిలో మార్చుకోవడం కష్టం. కాస్త దూరంలో టాయిలెట్లు ఉన్న భవనం ఉంది, అక్కడే మార్చుకుని పైన జాకెట్ వేసుకుని చెక్క బాట మీద నడిచి రండి. ఈత బట్టలే ఉండాలని ఎవరూ అడగలేదు. అమ్మ లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్ట్‌తోనే దిగింది. మొదట పాదాలు మాత్రం పెడతానంది. అడుగున సన్నటి గులకరాళ్లు, అక్కడక్కడా జారే నాచు. నాలుగడుగులు వేస్తే గోరువెచ్చగా ఉన్న నీళ్లు లావా వైపు జరిగేకొద్దీ కాగుతుంటాయి. ఒక్కోసారి మోకాళ్ల దగ్గర వేడి, మడమల దగ్గర చల్లదనం. ఎవరికి కావలసిన వేడి వాళ్లు వెతుక్కుని కూర్చోవడమే. చివరికి అమ్మ భుజాల దాకా మునిగి కూర్చుని మోకాళ్ల నొప్పి సంగతే మర్చిపోయింది, లేవమంటే లేవలేదు. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువసేపు ఉండకుండా, నెమ్మదిగా లేవాలి. ఇంకో సంగతి, అక్కడి బాతుల వల్ల వచ్చే ఒక పరాన్నజీవి లార్వాతో కొందరికి చర్మం మీద దురద పొక్కులు వస్తాయి. ప్రాణానికేం ప్రమాదం లేదు కానీ చిరాకు. బోర్డు పెట్టి ఉంటే చదవండి, బయటికి రాగానే టవల్‌తో గట్టిగా తుడుచుకోండి.

ఊళ్లలోని స్విమ్మింగ్ పూల్స్ సంగతి వేరు. అక్కడ నీళ్లలో దిగే ముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాలి, అది కచ్చితమైన నియమం. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు గదులే. ఇంట్లో ముందే చెప్పి ఉంచితే అక్కడికెళ్లాక ఇబ్బంది ఉండదు.

హైలాండ్స్‌లోనే ఉన్న కెర్లింగార్‌ఫ్యోల్ కొండల వైపు వెళ్లాలా అని కూడా అడిగారు. అక్కడి హ్వెరదాలిర్ ఆవిరి లోయ చాలా బాగుంటుందని అంటారు, కానీ మెట్లు ఎక్కువ, తడిస్తే బంకమట్టి జారుతుంది. పెద్దవాళ్లతో నేనైతే లాండ్‌మన్నలాయ్‌గరే ఎంచుకుంటాను. సొంతంగా నడపాలనే కోరిక బలంగా ఉంటే మాత్రం అటువైపు వెళ్లే క్యోలుర్ దారి నయం, కంకరే అయినా ఆ దారిలో ఏర్లన్నిటికీ వంతెనలున్నాయి. రెండూ ఒకే రోజు చూపిస్తామనేవాళ్లని నమ్మొద్దు, రోజంతా బండిలోనే గడిచిపోతుంది.

బట్టల విషయంలో ఆగస్టు కదా అని తేలిగ్గా తీసుకోకండి. లోపల థర్మల్స్, మీద ఉన్ని, ఆపైన వాన, గాలి ఆపే జాకెట్, ప్యాంటు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. బండి దిగేటప్పుడు తలుపుని రెండు చేతులా పట్టుకోండి, అక్కడి గాలి దాన్ని వెనక్కి విరిచేస్తుంది. తిండి మనమే తీసుకెళ్లాలి. మేం పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకున్నాం. పెరుగన్నానికి అక్కడ దొరికే స్కీర్ అనే గట్టి పెరుగులాంటిది, చప్పటిది, బాగా పనికొచ్చింది, మరీ గట్టిగా ఉంటే కాసిని నీళ్లు కలపండి. శుద్ధ శాకాహారులైతే రెనెట్ (పాలు గడ్డకట్టడానికి వేసేది, దూడల పొట్ట నుంచి తీసింది కావచ్చు) వేశారేమో డబ్బా మీద చూసుకోండి. మంచినీళ్లు కొనొద్దు, కుళాయిలో చన్నీళ్లే బాటిల్‌లో పట్టుకోండి.

బుక్ చేసే ముందు కంపెనీని ఇవి అడగండి. వాతావరణం బాగాలేక దారి మూసేస్తే డబ్బు వెనక్కిస్తారా, వేరే రూట్‌కి మారుస్తారా? లాండ్‌మన్నలాయ్‌గర్‌లో ఎంతసేపు ఉండనిస్తారు? రెండు గంటలకి తక్కువైతే వద్దనండి. బండి ఎక్కడానికి మెట్టు ఉందా? కొన్ని సూపర్ జీపులు నడుమంత ఎత్తులో ఉంటాయి, నాన్నకి మేం చిన్న స్టూల్ వేయించాం. మీరే వెళ్లాలని నిర్ణయించుకుంటే వేసవిలో పగటిపూట అక్కడ పార్కింగ్‌కి ముందే బుక్ చేసుకోవాలని నియమం పెట్టారు, మీ తేదీకి అది ఉందేమో చూసుకోండి. ఎవరు నడిపినా దారి వదిలి పక్కకి దిగకూడదు. అక్కడి నాచు మీద పడిన టైరు గుర్తు పోవడానికి దశాబ్దాలు పడుతుంది, జరిమానా కూడా గట్టిగా వేస్తారు. అత్యవసరానికి నంబరు 112.

అన్నిటికన్నా ముందు వీసా. మీరూ యూకేలోనే ఉన్నామన్నారు కాబట్టి చెప్తున్నాను, అమ్మానాన్నలకి యూకే విజిట్ వీసా ఉన్నంత మాత్రాన ఐస్‌లాండ్‌లోకి రానివ్వరు. షెంగెన్ వీసా విడిగా కావాలి. వాళ్లు ఇంకా ఇండియాలోనే ఉంటే అక్కడే తీసుకుని రమ్మనండి, వేసవిలో అపాయింట్‌మెంట్లు తొందరగా అయిపోతాయి. అది చేతికి వచ్చాకే జీప్‌కి అడ్వాన్స్ కట్టండి.